చేతులూపుకుంటూ నడిచిన పిన్నిగారు

మా ఎదురింటి పిన్నిగారు పోయారు. పోయిన నెల, ఒక మంగళవారం పొద్దున. రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడితే మామూలు జ్వరమే అనుకున్నారు. మూడోరోజు ఆయాసం వస్తే బెజవాడ తీసుకెళ్ళారు. ఆ తర్వాత ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు ఫోను చేసింది వాళ్ళమ్మాయి. “అక్కా, అమ్మ...” అని ఆగిపోయింది. ఆ సమయానికి నేను ఒక పెళ్ళికూతురి జాకెట్టుకు చేతులు కత్తిరిస్తున్నాను. కత్తెర కింద పెట్టి, గుడ్డ మడత పెట్టి, ఏం చేయాలో తోచక మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టాను.

నేను తిరువూరులో ఆడవాళ్ళ బట్టలు కుడతాను. ఇంటి ముందుగదిలోనే మిషను. ఇరవై ఆరేళ్ళుగా మా వీధి ఆడవాళ్ళ భుజాలు, నడుములు, చేతుల లావు అన్నీ నాకు కంఠతా వచ్చు. ఎవరు ఒళ్ళు చేశారో, ఎవరు దిగులుతో చిక్కారో వాళ్ళకంటే ముందు నా టేపుకు తెలుస్తుంది. అప్పుడప్పుడు ఇలా నాలుగు ముక్కలు రాయడం నాకున్న ఇంకో జబ్బు. అయితే ఈసారి రాయించింది దుఃఖమొక్కటే కాదు, కొంచెం కోపం కూడా.

ఆ రోజు వాళ్ళ వాకిట్లో, జనం మధ్యలో, ఒకావిడ పక్కావిడతో అంది: “రోజూ పొద్దున్నే లేచి ఆ నడకలు, ఆ వాచీలు! ఏం ఒరిగిందమ్మా? డెబ్భై అన్నా నిండలేదు.” అన్నావిడ ఎవరో నాకు తెలుసు. ఆవిడ నడుం కొలత కూడా తెలుసు. కానీ చావింట్లో వాదన పెట్టుకోవడం బాగుండదు గనుక నోరు మూసుకున్నాను. ఏం ఒరిగిందో ఇప్పుడు చెబుతాను.

పిన్నిగారంటే నాకు చుట్టరికం ఏమీ లేదు. ఎదురిల్లు, అంతే. వాళ్ళాయన, మేమంతా బాబాయిగారు అనేవాళ్ళం, మెయిన్ రోడ్డు మీద కిరాణా కొట్టు నడుపుతారు. పిన్నిగారి పుట్టిల్లు పెనుగొలను. నేను కొత్తగా మిషను పెట్టుకున్న రోజుల్లో, బోణీ తనదే ఉండాలని ఒక జాకెట్టు గుడ్డ తెచ్చి ఇచ్చింది ఆవిడే. కానీ ఒంటి మీద టేపు పెట్టనిచ్చేవారు కాదు. ఎప్పుడూ పాత జాకెట్టు ఒకటి ఆదికి తెచ్చి, “దీనికంటే ఒక్క అరంగుళం వదులు పెట్టమ్మాయ్, ఈ గుడ్డ ఉతికితే ముడుచుకుంటుంది,” అనేవారు. పాపం గుడ్డలన్నీ అలా ముడుచుకుంటూనే ఉండేవి. ఇరవై ఏళ్ళలో ఎన్ని అరంగుళాలయ్యాయో నేను ఎవరికీ చెప్పలేదు.

ఏ ఇంట్లో పేరంటమైనా ఆవిడకు ప్లాస్టిక్ కుర్చీ వేయాల్సిందే. వ్రతాల్లో అందరూ చాప మీద కూర్చుంటే పిన్నిగారు వెనక కుర్చీలో కూర్చుని అక్షింతలు వేసేవారు. కింద కూర్చుంటే లేవలేరు. మోకాళ్ళ నొప్పులు, దాని మీద బరువు, దాని మీద షుగరు. “నన్ను లేపడానికి క్రేను తేవాలి,” అని ఆవిడే ముందుగా నవ్వేసేవారు. ఎవరో నవ్వేలోపు తనే నవ్వేస్తే బాధ తగ్గుతుందనుకుంటాను.

ఐదేళ్ళ కిందట వాళ్ళమ్మాయి నెల తప్పింది. ఒక్కతే కూతురు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు, ఎన్నో మందుల తర్వాత. అత్తవారిది విస్సన్నపేట, ఎంతో దూరం కాదు. మూడో నెల నిండాక వియ్యపురాలు స్వయంగా పళ్ళు, పూలు తీసుకుని వచ్చింది. నేను అప్పుడు ఆది జాకెట్టు తీసుకోవడానికి వాళ్ళింట్లోనే ఉన్నాను. కాఫీలయ్యాక వియ్యపురాలు మెల్లగా అంది.

“వదినగారూ, మీరు ఏమీ అనుకోకండి. మీకు మీ కాళ్ళు చూసుకోవడమే కష్టంగా ఉంది. పురుడంటే మాటలా? పసిదానికి రోజూ నీళ్ళు పోయాలి. మా దగ్గరే ఉంచుకుంటాం. నీళ్ళు పోసే మనిషిని కూడా చూసి పెట్టాను.”

ఆవిడ మాటలో విషం లేదు. ఉన్నదే అంది. పిన్నిగారు “అలాగే చూద్దాం వదినగారూ” అని నవ్వి, ఆవిడకు జాకెట్టు గుడ్డ పెట్టి బొట్టు పెట్టి పంపించారు. ఆటో మలుపు తిరిగాక లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

“మా అమ్మ పెనుగొలనులో ఎంతమందికి పోసిందో తెలుసా అమ్మాయ్? ఇటు కాళ్ళు చాపుకుని కూర్చుని, వాటి మీద బిడ్డని పడుకోబెట్టుకుని పోసేది. ఎంత గుక్కపట్టిన పిల్లైనా అమ్మ కాళ్ళ మీదకి వస్తే ఊరుకునేది. మా అమ్మాయికీ మా అమ్మే పోసింది. ఇప్పుడు దాని బిడ్డకి ఎవరో మనిషిని పెడతారంట. నేనేమో కుర్చీలో కూర్చుని చూడాలంట.”

అంతకుముందు నేను ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడలేదు. నేను టేపు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను. పురుడు కార్తీకంలో. మధ్యలో ఆరు నెలలుంది.

డాక్టరు ఎప్పటినుంచో చెబుతున్నదే మళ్ళీ చెప్పాడు. నడవండి, బరువు తగ్గండి. ఈసారి పిన్నిగారు విన్నారు. వాళ్ళమ్మాయి ఫోనులో ఆర్డరు పెట్టి ఒక వాచీ పంపింది. నల్ల రబ్బరు పట్టీ, చిన్న అద్దం, వేసిన అడుగులన్నీ లెక్కపెడుతుంది. ఎడమచేతికి పెళ్ళినాటి టైము వాచీ ఉంది, అది తీయనన్నారు. అందుకని కొత్తది కుడిచేతికి, గాజులు పైకి తోసి, పెట్టుకున్నారు. “ఇదేంటమ్మా, నల్లగా పీడలా ఉంది,” అన్నారు గాని తీయలేదు. రోజుకు ఆరు వేల అడుగులతో మొదలుపెట్టమని అమ్మాయి చెప్పింది.

సరిగ్గా ఆవకాయల రోజులు. మొదటి రోజు సాయంత్రం పిన్నిగారు వెలిగిపోతూ మా ఇంటికి వచ్చి, చెయ్యి నా ముక్కు ముందు పెట్టారు. ఆరు వేల మూడొందలు!

“గడప దాటలేదమ్మాయ్! ఇంట్లో పని చేసుకుంటేనే ఆరు వేలు! ఊరికే భయపడ్డాను.”

రెండో రోజు ఏడు వేలు. మూడో రోజు ఇంకా పైన. బాబాయిగారు కొట్టులో అందరికీ చెప్పేశారు. నాలుగో రోజు ఆవిడ బజారుకు నిజంగా నడిచి వెళ్ళి, మార్కెట్ యార్డు దాకా పోయి, చెమటలు కక్కుతూ తిరిగొచ్చారు. నేను వాళ్ళింటికి వెళ్ళి వాచీ చూస్తే మూడొందల చిల్లర. ఇక చూడండి ఆవిడ కోపం.

“ఇది దొంగ వాచీ. వెనక్కి పంపించెయ్యమంటాను.”

నేను ఆలోచించాను. నాది చేతులతో చేసే పని, చేతుల సంగతి నాకు తెలుసు. “పిన్నిగారూ, నిన్నా మొన్నా ఇంట్లో ఏం చేశారు?” అని అడిగాను.

“ఏముంది, ఆవకాయ కలిపాను. ఒక రోజు మాది, ఒక రోజు అమ్మాయి అత్తగారికి, ఒక రోజు కొట్టుకి.”

“ఈ చేత్తోనేనా? ఈ వాచీతోనేనా?”

“తడి తగలకుండా కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేశానమ్మా. బుర్ర లేదనుకున్నావా నాకు?”

సంగతి తేలింది. వాచీకి కాళ్ళు కనబడవు, చెయ్యి ఊగడమే తెలుస్తుంది. జాడీ ముందు కూర్చుని ముక్కలు కలుపుతుంటే అది పాపం నడక అనుకుంది. బజారుకు వెళ్ళినప్పుడు మాత్రం ఆవిడ ఎడమచేత్తో సంచి, కుడిచేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని నడిచారు. చెయ్యి కదలలేదు, అది లెక్క వేయలేదు. మా వీధిలో పెద్దవాళ్ళంతా అలాగే నడుస్తారు. ఒక చెయ్యి కుచ్చిళ్ళ మీద, ఒక చెయ్యి కొంగు మీద. ఈ వాచీ చేసినవాడు చీర కట్టుకున్న మనిషి నడవడం ఎప్పుడూ చూసి ఉండడు.

 పిన్నిగారు గోడకున్న కాలెండరు దగ్గరికి వెళ్ళి, తను గొప్పగా రాసుకున్న ఆరు వేలు, ఏడు వేలు, అన్నీ పెన్నుతో కొట్టేశారు. “అవి ఆవకాయవి,” అన్నారు. నాకు ఆవిడ మీద గౌరవం పుట్టింది ఆ నిమిషంలో.

“అయితే చేతులు ఊపుతూ నడవాలండి,” అన్నాను.

“రోడ్డు మీదా? చేతులూపుకుంటూనా? మా అత్తగారు చూస్తే ఇంకేమన్నా ఉందా?”

“ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయింది కదండీ.”

“పోతే మాత్రం?” అన్నారు పిన్నిగారు, నిజంగానే గోడ మీది ఫొటో వైపు చూస్తూ.

ఇక్కడ నా పని మొదలైంది. డ్రస్సు కుడతానంటే చెవులు మూసుకున్నారు. సరే, చీర మీదే పని చేద్దామనుకున్నాను. రెండు పాత నేత చీరలకు కుచ్చిళ్ళు పెట్టి, నాలుగు వేళ్ళ ఎత్తు కట్టేలా, కుచ్చిళ్ళు విడిపోకుండా లోపలి వైపు టాకాలు వేసి కుట్టేశాను. కొంగు చుట్టి బొడ్లో దోపేయడమే. తాళాలకు, రుమాలుకు లోపలి పావడాకు జేబు పెట్టాను. ఇక చేతులతో పట్టుకోవడానికి ఒంటి మీద ఏమీ మిగల్లేదు. పిన్నిగారు అది కట్టుకుని మా ముందుగదిలో నిలబడి, రెండు చేతులూ ఏం చేసుకోవాలో తెలియక అటూ ఇటూ చూశారు. అరవై నాలుగేళ్ళలో ఆ చేతులు ఖాళీగా ఉండటం అదే మొదలేమో.

తెల్లవారుజామున, ఎవరూ చూడకుండా, గంపలగూడెం రోడ్డు పట్టుకున్నాం. తోడు నేను. నాకూ మిషను ముందు కూర్చుని కూర్చుని నడుము తలగడలా తయారైంది, కాదనను. మొదటి రోజు పిన్నిగారు చేతులూపిన తీరు చూస్తే నీళ్ళలో దిగి దారి వెతుక్కుంటున్నట్టుంది. మోటారు సైకిలు ఏదైనా ఎదురొస్తే చప్పున రెండు చేతులూ పొట్ట మీద కట్టేసుకునేవారు. అది దాటిపోయాక మళ్ళీ ఊపు. ఒక వారం ఇలా దాగుడుమూతలు నడిచాక, పాలు పోసే అతను బండి ఆపి, “ఏంటండీ ఇంత పొద్దున్నే, ఎటు ప్రయాణం?” అని అడిగాడు. పిన్నిగారు చేతులు కట్టుకోకుండా, “నడుస్తున్నానయ్యా, ఊరికే,” అన్నారు. ఊరికే నడుస్తున్నానని ఒక ఆడమనిషి రోడ్డు మీద నిలబడి చెప్పడం ఎంత పెద్ద సంగతో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు.

నెల తిరిగేసరికి ఆరుగురమయ్యాం. రిటైరైన హిందీ టీచరుగారు, మిల్లు వాళ్ళ పెద్దకోడలు, ఇంకో ఇద్దరు. నేను వరసపెట్టి అందరి చీరలకూ టాకాలు వేశాను. కొందరు వాచీలు కొనిపించుకున్నారు. లేనివాళ్ళు పిన్నిగారి పక్కన నడిచి ఆవిడ లెక్కే తమ లెక్క అనుకునేవారు. ఒక వానరోజు బయటికి వెళ్ళడం కుదరక, పోనీ పనికొస్తుందని బాబాయిగారు ఆ వాచీ తన చేతికి పెట్టుకుని కొట్టుకు వెళ్ళారు. పప్పులు తూస్తూ, పొట్లాలు కడుతూ సాయంత్రానికి నాలుగు వేలు తెచ్చారు. “తీసుకోవే, నీ ఖాతాలో వేసుకో,” అన్నారు. పిన్నిగారు వాటిని కూడా కాలెండరులో రాయలేదు. “అవి మీ చేతులవి. నా మోకాళ్ళకేం తెలుస్తాయండీ?” అన్నారు.

నిజం చెప్పాలి కదా, మొదటి నెలన్నర ఎవరి బరువూ తగ్గలేదు. కారణం పునుగులు. నడిచి అలసిపోయాం కదా అని తిరుగుదారిలో బండి దగ్గర ఆగి, ఒక్క ప్లేటే అనుకుంటూ తలా ఒకటి తినేవాళ్ళం. అల్లం పచ్చడి రెండోసారి వేయించుకునేవాళ్ళం కూడా. ఈ రహస్యం బయటపెట్టింది నా టేపే. అంగుళం కూడా కదలడం లేదని టీచరుగారితో అంటుంటే పిన్నిగారు విని, మర్నాటి నుంచి బండి ముందు తలతిప్పుకుని నడిచారు. నడక కంటే ఆ తలతిప్పుకోవడమే కష్టంగా ఉందని చాలాసార్లు అన్నారు.

శ్రావణమాసం వస్తుండగా ఒక మధ్యాహ్నం మా ముందుగదిలోకి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. “పెట్టు టేపు,” అన్నారు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి.  ఆది జాకెట్టు మీద పెట్టి చూస్తే నడుము దగ్గర మూడంగుళాలు తగ్గింది. నేను నమ్మక ఇంకోసారి కొలిచాను. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని పిచ్చివాళ్ళలా నవ్వాం.

అక్కడితో గెలిచేశామనుకున్నాం. తప్పు.

ఏడో నెలలో విస్సన్నపేటలో అమ్మాయికి శ్రీమంతం. నేనూ వెళ్ళాను. పిన్నిగారికి అలవాటు ప్రకారం కుర్చీ వేశారు. ఆవిడ దాన్ని పక్కకు జరిపి, చాప మీద, కూతురి ఎదురుగా, కింద కూర్చున్నారు. గదిలో అందరూ ఒక్కసారి చూశారు. కూతురి మొహం విప్పారింది. పిన్నిగారు గంధం రాశారు, గాజులు తొడిగారు, ఎంత ఠీవిగానో. తర్వాత లేవబోయారు. మోకాలు చాప మీద జారింది. పక్కకు ఒరిగి పసుపు కుంకుమల పళ్ళెం మీద పడ్డారు. నలుగురు కలిసి లేవదీశారు. చీరంతా పసుపు. దెబ్బ పెద్దగా తగల్లేదు గాని, ఆవిడ తల ఎత్తలేదు.

వియ్యపురాలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, వీపు నిమిరింది. తర్వాత పక్కగదిలో కూర్చోబెట్టి, “వదినగారూ, నేను చెడ్డదాన్ని కాను. మీరే చెప్పండి, ఇప్పుడే పుట్టిన పసిగుడ్డుని ఎలా అప్పజెప్పమంటారు?” అంది. పిన్నిగారు, “మీరన్నది నిజమేనండి,” అన్నారు. అంతే. తిరుగుదారిలో ఆటోలో చీర మీది పసుపు గోటితో గీరుకుంటూ కూర్చున్నారు. 

మర్నాడు ఆవిడ రారనుకుని నేను హాయిగా పడుకున్నాను. ఐదింటికి తలుపు దబదబా కొట్టిన చప్పుడు.

“ఏవమ్మాయ్, లేవలేదా?”

తలుపు తీస్తే టాకాల చీర కట్టుకుని నిలబడి ఉన్నారు. చెయ్యి చూపించారు. వాచీలో సున్నా ఉంది. “చూశావా, తెల్లారేసరికి దీనికి నిన్నటి సంగతి ఏదీ గుర్తుండదు. నిన్న ఎంత నడిచామో గుర్తుండదు, నిన్న పడ్డదీ గుర్తుండదు. నాకు ఇందులో నచ్చింది అదొక్కటేనమ్మా,” అన్నారు. ఆ తర్వాత నా దగ్గర ఏ పని చెడినా, ఏ కొలత తప్పినా, నేను ఆ మాటే తలచుకుని గుడ్డ మళ్ళీ పరిచాను.

ఆ రోజు నడుస్తూ ఆవిడే కారణం వెతికి పట్టుకున్నారు. “నడక వేరు, లేవడం వేరు. నేను ఇన్నాళ్ళూ వాచీ లెక్కపెట్టేదే చేశాను. అది లెక్కపెట్టనిది చేయలేదు.” ఆ మధ్యాహ్నం నుంచి మా ముందుగది ఆవిడకు బడి అయింది. కత్తిరింపు ముక్కల మధ్య, పాత దుప్పటి మీద, కింద కూర్చుని కాళ్ళు చాపడం, మళ్ళీ లేవడం. మొదట మిషను కాలు పట్టుకుని లేచేవారు. మిషను ఊగి నా కుట్టు వంకరపోయేది. తర్వాత స్టూలు పట్టుకుని. తర్వాత ఒక మోకాలు కింద, ఒక పాదం ముందుకు, చెయ్యి తన తొడ మీదే ఆనించుకుని. కాళ్ళ మీద బిడ్డకు బదులు ఒక తలగడకు తువ్వాలు చుట్టి పెట్టుకునేవారు. దాని మెడ పడిపోకుండా చెయ్యి ఎలా ఆనించాలో నాకు చూపించేవారు. పది సార్లు లేచి, ఆయాసపడుతూ వాచీ చూస్తే ఒక్క అడుగు కూడా పెరిగేది కాదు.

“దీనికి ఆవకాయ తెలిసింది గాని ఇది తెలియదు,” అన్నాను నేను ఒళ్ళుమండి.

“దానికి తెలియకపోతే మానె. నాకు తెలుసు కదా,” అన్నారు పిన్నిగారు.

ఎన్ని రోజులు లేచారో, ఎన్నిసార్లు మధ్యలో చతికిలపడి నా మీద విసుక్కున్నారో, అన్నీ రాయను. దసరా నాటికి దేన్నీ పట్టుకోకుండా లేవగలిగారు. దీపావళి నాటికి వరసగా ఐదుసార్లు. ఈ సంగతి విస్సన్నపేటకు చెబుతానంటే వద్దన్నారు. చెప్పి నమ్మించే రోజు దాటిపోయిందని ఆవిడ ఉద్దేశం.

కార్తీకంలో బెజవాడ ఆసుపత్రిలో ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. తల్లీ బిడ్డా క్షేమం. ఇంటికి పంపే రోజున, కారు ఎటు పోవాలన్న మాట వచ్చినప్పుడు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని ఆ అమ్మాయి మంచం మీద నుంచే, “అత్తయ్యా, నేను మా అమ్మ దగ్గరికి వెళ్తాను. మొదటి నీళ్ళు అమ్మే పోయాలి. కుదరకపోతే ఆ సాయంత్రమే మీతో వచ్చేస్తాను,” అంది. వియ్యపురాలు చాలాసేపు ఆలోచించి సరేనంది. పదకొండో రోజు నీళ్ళకు తనూ వస్తానంది, నీళ్ళు పోసే మనిషిని కూడా వెంట తెస్తానంది.

ఏం ఒరిగిందన్నావిడకు ఇంకో రెండు మాటలు చెప్పి, ఆ రోజు సంగతికి వస్తాను. పిన్నిగారు ఆ తర్వాత దాదాపు ఐదేళ్ళు నడిచారు. షుగరు మాత్రల్లో ఒకటి డాక్టరు తగ్గించాడు. వ్రతాల్లో ఆవిడకు కుర్చీ వేయడం మానేశాం. మా వీధిలో ఆ తర్వాత పుట్టిన నలుగురు పిల్లలకు నీళ్ళు పోసింది ఆవిడే. నడిచినవాళ్ళు పోరని మాలో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఉన్నన్నాళ్ళూ తన కాళ్ళ మీద తను కూర్చుని, తన కాళ్ళ మీద తను లేచారు, ఆవిడ అడిగింది అంతే. పెద్దకర్మ అయిన మర్నాడు తెల్లవారుజామున, వెళ్దామా వద్దా అని ఎవరికి వాళ్ళం అనుకుంటూనే, ఐదుగురమూ గంపలగూడెం రోడ్డు మీద కలిశాం. ఆరోది కొత్తగా చేరిన మనిషి. విస్సన్నపేట నుంచి వచ్చి కూతురిలాంటి కోడలికి తోడుగా ఇక్కడే ఆగిన వియ్యపురాలు. ఆవిడకు చేతులు ఊపడం ఇంకా రాలేదు. నేర్పుతున్నాం.

ఇప్పుడు పిన్నిగారంటే నాకు ఫొటోలో మొహం గుర్తు రాదు. బిడ్డ పుట్టిన పదకొండో రోజు పొద్దునే గుర్తొస్తుంది. పెరట్లో కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. ఎండ ఇంకా గోడ దిగలేదు. పిన్నిగారు చేతులకున్న రెండు వాచీలూ, పసిదానికి గీసుకుంటాయని గాజులూ తీసి గూట్లో పెట్టారు. నీళ్ళలో మోచెయ్యి పెట్టి వేడి చూసుకున్నారు. చిన్న పీట మీద కూర్చుని కాళ్ళు చాపారు. వియ్యపురాలు బిడ్డను తెచ్చి ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది గాని, చేతులు వెంటనే తీయలేకపోయింది. ఆవిడ తెచ్చిన మనిషి పక్కనే చీర ఎగదోపుకుని నిలబడి ఉంది.

చెంబుతో నీళ్ళు అందించడం నా పని. నూనె రాస్తున్నంతసేపూ బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మ పెదవి కొరుక్కుంటోంది. మొదటి చెంబు నీళ్ళు పొట్ట మీద పడగానే పిల్ల ఉలిక్కిపడి, రెండో చెంబుకు ఏడుపు తగ్గించి, మూడో చెంబుకు పూర్తిగా ఊరుకుంది. పిన్నిగారి అరచెయ్యి దాని మెడ కింద కదలకుండా ఉంది. సున్నిపిండి నలిచి, బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి, ముక్కు పట్టి, కాళ్ళూ చేతులూ సాగదీసి, తువ్వాలులో చుట్టేదాకా పెరట్లో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఇక లేవాలి.  మేం ప్రాక్టీసు చేసిందంతా పొడి చీరతో. ఇప్పుడు ఆవిడ ఒంటి మీద ఉన్న నేత చీర నడుము నుంచి కింద దాకా తడిసి ముద్దయింది. తడి గుడ్డ ఎంత బరువుంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? అంతా ఆలోచించిన మేం ఇది ఆలోచించలేదు. కింద నేలంతా నూనె, నీళ్ళు. వియ్యపురాలు గబగబా వంగి చెయ్యి చాపింది. “పట్టుకోండి వదినగారూ, నేను లేపుతాను.”

చాపిన ఆ చేతిలో పిన్నిగారు తన చెయ్యి పెట్టలేదు. బిడ్డను పెట్టారు. తర్వాత మెల్లగా పక్కకు తిరిగి, ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో పాదం ముందుకు పెట్టి, ఒక్క క్షణం ఆగారు. అరచెయ్యి తొడ మీద ఉంది. చీర నుంచి నీళ్ళు కారుతున్నాయి.  పాదం ఒకసారి జారబోయి, నిలిచింది. తర్వాత ఆవిడ లేచారు. ఎవరినీ పట్టుకోకుండా, గోడను ముట్టుకోకుండా నిటారుగా నిలబడి, చెదిరిన ముంగురులు మోచేత్తో వెనక్కి నెట్టుకుని, తడి చేతులు రెండూ ముందుకు చాపారు.

“ఇక ఇలా ఇవ్వండి వదినగారూ, నా మనవరాల్ని.”